బ్యాటరీ గదిలో దసరా

పైన మేడ మీద హులిగెమ్మకు ఆపరేషను జరుగుతోంది. ఆ గదికి సరిగ్గా కింద, నేలను ఆనుకున్న బ్యాటరీ గదిలో, ఆమె మొగుడు కంబన్న చేతులు వేలాడేసుకుని నిలబడి ఒక చామంతి దండను చూస్తున్నాడు. దండ ఇంకా వాడలేదు. నిన్న పొద్దున కట్టినదే అయినా తుంగభద్ర మీంచి వచ్చే తడిగాలికి పచ్చగానే ఉంది. ఇనుప స్విచ్చి పిడికి మూడు చుట్లు చుట్టి ఉంది, పిడి మీద కుంకుమ బొట్టు ఉంది, పిడి కిందికి వాలి ఉంది. కిందికి వాలి ఉంటే ఆపినట్టు. ఆపి ఉంటే మూలన ఊరి కరెంటుతో తిరిగే డైనమో తిరగనట్టు. డైనమో తిరగకపోతే ఈ ఇరవై అయిదు గాజు జాడీల్లోకి నిన్నటి నుంచి ఒక్క చుక్క కరెంటు కూడా చేరనట్టు. అయిదు నిమిషాల కిందట ఉరుము ఉరిమి ఊరికంతటికీ కరెంటు పోయింది, ఇప్పుడు పిడి ఎత్తినా డైనమో తిరగదు. ఇప్పుడు పైన డాక్టరు చేతుల మీద పడుతున్న వెలుతురంతా ఈ జాడీల్లోంచి పోతున్నదే. అందులో ఎంత మిగిలిందో, ఎంతసేపు వస్తుందో చెప్పవలసిన మనిషి ఈ ఆసుపత్రిలో ఒక్కడే, ఆ ఒక్కడూ పూలను చూస్తూ నిలబడిపోయాడు.

తప్పు చేసినవాడికి ముందు తప్పు కనబడదు, దాని పక్కనున్న పూలు కనబడతాయి. ఆ పూల వెనక హులిగెమ్మ వేళ్లు కనబడ్డాయి, పసుపు అంటిన వేళ్లు, దారాన్ని పంటితో తెంపిన నోరు, ఆ నోటి పక్కన సన్నగా పట్టిన చెమట. నిన్న మహానవమి. ఆయుధపూజ. పాతకాలపు సత్రాన్ని నలుగురు వ్యాపారులు బాగుచేయించి ఆసుపత్రిగా మార్చారు కాబట్టి ఊళ్లో అందరూ దీన్ని సత్రం ఆసుపత్రి అనే అంటారు. ఆసుపత్రి అయినా సత్రం నాటి పూజల్లో ఒక్కటీ మానలేదు. డాక్టరు కత్తులకు పసుపు పెట్టారు, బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, వంటాయన తన గరిటెలకు తానే బొట్లు పెట్టుకున్నాడు. బ్యాటరీ గది పూజ మాత్రం తొమ్మిదేళ్లుగా హులిగెమ్మదే. జాడీ జాడీకీ పసుపు రాసి కుంకుమ పెట్టి, గడప దగ్గర ముగ్గు వేసి, వెనక్కి జరిగి చూసుకుని, పేరంటానికి వచ్చిన ముత్తయిదువల మాదిరి ఉండారు, వీళ్లకు పళ్లెంలో ఓలిగలొక్కటే తక్కువ అని నవ్వేది. నిజంగానే అట్లా ఉన్నాయి. చెక్క అరుగుల మీద రెండు వరుసలుగా, పచ్చని బుగ్గలతో, ఎర్రని బొట్లతో, ఎవరైనా వచ్చి మాట్లాడిస్తే మాట్లాడదామన్నట్టు కూర్చుని ఉన్నాయి ఇప్పుడు కూడా.

కర్పూరం వెలిగించే ముందు డైనమో ఆపడం అతనికి అలవాటే, అది భక్తి కాదు, భయం. జాడీల్లోకి కరెంటు ఎక్కుతున్నంతసేపూ ఆసిడ్‌లో సన్నని బుడగలు లేస్తాయి, ఆ బుడగల గాలికి నిప్పు తగిలితే గది గదంతా లేచిపోతుంది. అందుకే ఒక గంట ముందు స్విచ్చి దించి, కిటికీలు తెరిచి, గాలి పోయాకే హారతి. ఏటా హులిగెమ్మ ఒక మాట అనేది, పూజ చేసినదాన్ని ఆ పొద్దే పనిలోకి దింపుతారా యాడన్నా, మా నాయన నాగలికి బొట్టు పెడితే తెల్లారి టెంకాయ కొట్టిందాక భుజానికెత్తేటోడు కాదు అని. ఏటా అతను ఊఁ అని తలూపి, ఆమె వీధి మలుపు తిరగ్గానే పిడి పైకెత్తేవాడు. తొమ్మిదేళ్లలో ఎనిమిదేళ్లు అట్లాగే మోసం చేశాడు. నిన్న మాత్రం ఆమె ఆ మాట అంటూ అంటూనే స్టూలు మీద కూలబడి, కుడిపక్క పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని, "పగలనక రేయనక గుంయ్ గుంయ్ అంటానే ఉండాది, పాపం దీనికి కునుకే ల్యాదా? ఈ ఒక్క పొద్దన్నా ఇడిసిపెట్టప్పా" అంది. ముఖం పాలిపోయి ఉంది. ఏమైందే అంటే ఒక్కపొద్దు ఉండాను గదా అంది. ఆ గొంతు విని అతనికి మనసొప్పలేదు. ఆమె కట్టిన దండను తన చేత్తోనే సర్ది, రేపు పొద్దునే వచ్చి టెంకాయ కొట్టి ఎత్తుదాంలే అనుకుని, ఆమెతో పాటే ఇంటికి పోయాడు. మొగుడు పెళ్లాం మాట విన్నది తొమ్మిదేళ్లలో అదొక్కసారే, అది కూడా ఇట్లా వచ్చి పడింది.

పొద్దున అతను టెంకాయ కొట్టలేదు. పొద్దున హులిగెమ్మ చాప మీద పాములా మెలికలు తిరుగుతోంది. జట్కా దొరకడానికి ఎంతో సేపు పట్టింది, దొరికిన గుర్రం పండగ పూట అలంకారంతో గజ్జెలు మోగించుకుంటూ నడిచింది తప్ప పరుగెత్తలేదు. డాక్టరు కడుపు నొక్కి చూసి, ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి, ఎప్పుడు మొదలైందని అడిగాడు. రాత్రి అని కంబన్న అన్నాడు. నిన్న పొద్దున, పూజ కాడ అని హులిగెమ్మ అంది. కంబన్న ఆమె వైపు చూశాడు, ఆమె గోడ వైపు చూసింది. పండగ పూట నొప్పి అంటే అతను పూజ మానేస్తాడని చెప్పలేదట. తను స్విచ్చి దించిన ఘడియ, ఆమెకు కడుపులో పోటు పుట్టిన ఘడియ ఒకటేనని ఇప్పుడు ఈ పూల ముందు నిలబడితే తెలుస్తోంది. మధ్యాహ్నమంతా ఆమె మంచం పక్కనే ఉండి, ఆమె వేళ్లు పట్టుకుని, ఈ గది అనేది ఒకటి ఉందనే మరిచిపోయాడు. అయిదింటికి ఆమెను పైకి తీసుకుపోయారు. అయిదూ ఇరవైకి ఉరిమింది.

వాకిట్లో అలికిడైంది. పగటి డ్యూటీ చూసే ఉరుకుందు, మోకాళ్ల దాకా పంచె తడిసి, ముగ్గు తొక్కకుండా గడప అవతలే నిలబడ్డాడు. కంబన్న పిడి వైపు చూపించాడు.

"ఇది ఎత్తలేదేమప్పా?"

"పూజలో ఉండాది గదన్నా. నువ్వే వచ్చి టెంకాయ కొడతావనుకుంటి. పూలు చుట్టిందాన్ని నేనెట్ల ముట్టుకుందు?" అన్నాడు ఉరుకుందు. ఆగి, ఇంకో మాట కూడా మెల్లగా బయటపెట్టాడు. "నిన్న నువ్వు ఇంటికి పోయినాక గాలికి తీగ తెగి రెండు గంటలు కరెంటు ల్యాదు. ఎద్దు పొడిచినోన్ని ఎవరినో తెచ్చిరి. ఆపరేషనంతా వీటి మీదనే జరిగింది."

కంబన్న అతన్ని తిట్టలేదు. తానైనా అంతే చేసేవాడు, దేవుడి దగ్గర పెట్టినదాన్ని ఎవడు కదుపుతాడు? ఆసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టాన్ని మొదటి జాడీలో ముంచి పైకి లాగాడు. లోపలి బుడ్డి తేలలేదు, మునిగినట్టు నిలబడింది. నిండుగా ఉంటే పన్నెండు వందల పది చూపించాలి, పదకొండు వందల అరవై దగ్గర ఆగింది. రెండో జాడీ, అయిదో జాడీ, చివరి జాడీ, అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, ఇవి జాడీలు. గోడమీది మీటరు ముల్లు యాభై దగ్గర ఉండాల్సింది నలభై ఏడు దగ్గర వణుకుతోంది. నలభై అయిదు కిందికి దిగితే దీపం పసుపుబారుతుంది, ఆ తర్వాత ఎర్రబారుతుంది, ఆ తర్వాత చూడటానికి ఏమీ ఉండదు. కడుపు కోతకు గంట పడుతుందని నర్సమ్మ చెప్పింది. ఈ లెక్కన గంటలో సగం కూడా రాదు.

శాంతయ్య అయితే ఈపాటికి నెత్తిన మొట్టికాయ వేసి ఉండేవాడు. రాజంపేట శాంతయ్య, టెలిఫోను ఎక్స్చేంజిలో బ్యాటరీ మేస్త్రీ, కోడుమూరు చేలల్లో కొర్రలు కోస్తున్న కంబన్నను వెంటబెట్టుకొచ్చి ఈ పనిలో పెట్టిన మనిషి. ఆ ఎక్స్చేంజి గది ఎంత చల్లగా ఉండేది, ఎండాకాలం మధ్యాహ్నాల్లో కర్నూలు రాళ్లు పెనం మీద పెట్టినట్టు కాలుతుంటే ఆ గదిలో మాత్రం పుల్లని ఆసిడ్ వాసన, తడి నేల, వరసగా జాడీలు, శాంతయ్య గొంతు. కరెంటు చుట్టం రా, చెప్పి రాదు, చెప్పి పోదు, అది పోయిన పొద్దుకు ఇంట్లో మనిషి ఉండాల అనేవాడు. ఈడ చూడు, ఫోన్లన్నీ జాడీల్లోంచే తాగుతాయి, బయటి కరెంటు వచ్చి జాడీలను నింపుతాదంతే, పైన పోస్తాంటారు, కింద ముంచుకుంటాంటారు, పోసేటోడు పోయినా ముంచుకునేటోనికి తెలీదు అనేవాడు. అది నిజం. ఊరంతా కరెంటు పోయిన రోజున కూడా ఆ ఫోన్లలో ఎవరో ఎవరితోనో పెళ్లి ముహూర్తాలు మాట్లాడుకుంటూనే ఉండేవారు, మధ్యలో ఒక్క అక్షరం కూడా తెగేది కాదు.

ఇంట్లో బాన కూడా అట్లాగే కదా అని కంబన్నకు ఇప్పుడు అనిపించింది, ఇప్పుడే ఎందుకు అనిపించాలో. వంటింటి మూల నడుం ఎత్తు మట్టిబాన, అందులోంచి అతను ముంచుకుంటాడు, పిల్లలు ముంచుకుంటారు, దారిన పోయే చుట్టం చెంబుడు తాగి పోతాడు. ఎప్పుడు చెయ్యి పెట్టినా బాన నిండుగానే ఉండేది. హులిగెమ్మ ఏ వేళకు లేచి హంద్రి ఏటి ఇసుకలో తవ్విన చెలమల దగ్గరికి పోతుందో, ఎన్ని బిందెలు మోస్తుందో, ఎండాకాలం చెలమ ఎండితే ఎంతదూరం పోతుందో తొమ్మిదేళ్లలో అతను ఒక్కసారి అడగలేదు. నీళ్లు ఉన్నాయి కాబట్టి అడగలేదు. మొన్న కూడా కడుపులో పోటుతోనే మోసి ఉంటుందా? పోటు నిన్న మొదలైందని అంది కానీ ఆమె చెప్పింది కదా అని నమ్మడానికి లేదు, నొప్పి విషయంలో ఆమె ఎప్పుడూ ఒక రోజు తగ్గించే చెబుతుంది. అతనికి సిగ్గేసింది. ఆసిడ్ కళ్లు మండిస్తున్నట్టు సిగ్గు మండించింది.

ఆసుపత్రిలో ఏర్పాటు వేరు. ఇక్కడ దీపం నేరుగా ఊరి కరెంటు మీదే వెలుగుతుంది, జాడీలు పక్కన కూర్చుని చూస్తుంటాయి. మధ్యలో చిన్న పెట్టె, పెట్టెలో ఒక ఇనుప నాలుక. ఊరి కరెంటు ఉన్నంతసేపూ అయస్కాంతం ఆ నాలుకను పైకి పట్టుకుని ఉంటుంది, కరెంటు పోగానే దాని పట్టు జారిపోతుంది, నాలుక టక్కున కింద పడి జాడీల తీగకు తగులుకుంటుంది. ఎవరూ వచ్చి ఏమీ చేయక్కర్లేదు, పోవడమే పిలుపు. కాకపోతే రెప్పపాటు చీకటి. మొదటిసారి ఆ రెప్పపాటు చూసి డాక్టరు, ఆ క్షణంలో నా కత్తి ఎవరి పేగు మీద ఉంటుందో నీకు తెలుసా అని అడిగాడు. ఎక్స్చేంజిలో మాదిరి పెట్టుకుందాం సార్, రెప్పపాటు కూడా ఉండదు అని కంబన్న ఎంతో చెప్పి చూశాడు, అన్ని జాడీలు మనకెందుకు అన్నారు పెద్దలు. ఈ పొద్దు కూడా నాలుక టక్కుమంది. ఆ చప్పుడు మెట్ల కింద నిలబడ్డ తనకు వినబడింది, వినగానే ప్రాణం కుదుటపడింది కూడా, నా జాడీలు ఉన్నాయిలే అనుకుని, వాటి పక్కన కూర్చుందామనే గదిలోకి వచ్చాడు. పాపం మురిసిపోయాడు.

మూడో రకం ఒకటుందని శాంతయ్య చెప్పేవాడు, యుద్ధం నాటి ఏదో వైర్‌లెస్ స్టేషన్లో చూశానని. ఒక పక్క మోటారు, ఒక పక్క డైనమో, నడుమ మనిషెత్తు ఇనుప చక్రం, అవతల ఆయిలింజను. జాడీలే లేవు. కరెంటు పోయినా చక్రం ఆగదు, తిరిగిన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊపు చచ్చేలోగా ఇంజను అందుకుంటుంది. కుమ్మరి సారెను చూడలేదా, కర్ర తీసినాక కుండ అయ్యేది అప్పుడే గదరా అనేవాడు. కంబన్న చూశాడు. కోడుమూరులో ఎండకు పగిలిన చెరువు మన్ను తెచ్చి కలిపే కుమ్మరి వాకిట్లో మధ్యాహ్నాలు గడిపేవాడు, సారె తిరుగుతుంటే మన్ను పైకి లేవడం చూస్తూ ఆకలి మరిచిపోయేవాడు. అమ్మ పోయినప్పుడు ఇల్లు కూడా కొన్నాళ్లు అట్లా తిరిగింది. అమ్మ ఎండబెట్టిన ఒరుగులు, అమ్మ పెట్టిన ఊరగాయ, అమ్మ అలికిన అరుగు, మనిషి లేకపోయినా ఆమె తిప్పిన ఊపు మీదే నాన్నా తనూ తిన్నారు, పడుకున్నారు. ఊపు తగ్గి, అరుగు పెచ్చులు లేచి, పొయ్యి చల్లారే వేళకు హులిగెమ్మ కాపురానికి వచ్చింది. వచ్చిన మూడో రోజే పేడ తెచ్చి అరుగు అలికింది. నాన్న వాకిట్లో కూర్చుని చూస్తూ, ఇల్లు మళ్లా నడుస్తాంది రా అన్నాడు. ఇప్పుడు ఆమె ఆగితే దాన్ని అందుకోవడానికి ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆ మాట అతనికి పైకే వచ్చేసింది, ఎవరూ లేరప్పా అన్నాడు, ఉరుకుందు ఏందన్నా అన్నాడు.

మీటరు ముల్లు నలభై ఆరున్నరకు దిగింది. కంబన్నకు మెలకువ వచ్చినట్టయింది. కలలు కనే వేళ కాదిది. నీళ్లు తక్కువైన ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారు, ముందు స్నానాలు ఆపుతారు, తర్వాత గిన్నెలు తోమడం ఆపుతారు, తాగే నీళ్లు మాత్రం దాస్తారు. ఈ జాడీల మీద ఒక్క ఆపరేషను దీపమే కాదు, వసారా దీపాలు ఆరు, ఆఫీసు గది దీపాలు రెండు, మందుల గదిలో ఒకటి, కాన్పుల గదిలో రెండు వేలాడుతున్నాయి. పలక మీద పింగాణీ ఫ్యూజులు వరసగా ఉన్నాయి. వసారాది పీకాడు. బయట జనం ఓయ్ అని అరిచారు, ఎవరి చేతిలోనో గిన్నె జారి దొర్లింది. ఆఫీసు గదిది పీకాడు. అక్కడి గుమాస్తా ఎవడ్రా కింద అని కేక వేశాడు. మందుల గదిది పీకాడు. ముల్లు కాస్త లేచింది, నలభై ఏడు, నడుం నొప్పి మనిషికి మూట దించినట్టు. ఇంకొకటి ఉంది, కాన్పుల గదిది. అది కూడా పీకితే ముప్ఫై నిమిషాలు ఖాయం. పింగాణీ మీద చెయ్యి వేశాడు.

కిటికీలోంచి ఒక ఆడమనిషి మూలుగు వినబడుతోంది. అది హులిగెమ్మది కాదు. కాన్పుల గదిలో పొద్దున్నుంచి పడుతున్న మనిషి, ఏ ఊరో తెలీదు, జట్కా దిగేటప్పుడు ఆమె తల్లి చాటలో పాత చీరలు పట్టుకుని వెనక నడుస్తోంది. అమ్మా అమ్మా అంటోంది, నడుమ ఎవరో ఇంగ కొంచెమే, ఇంగ కొంచెమే అంటున్నారు. ఎవరికీ తెలియదు కదా. కరెంటు పోయింది, దీపం పోయింది, ఎవరు అడుగుతారు? హులిగెమ్మ బతకాలి, తనకు అదొక్కటే కావాలి, దేవుడు ఇప్పుడు ప్రత్యక్షమై అడిగితే ఇంకేమీ అడగడు. వేళ్లు పింగాణీని బిగించి పట్టుకున్నాయి, వదలలేదు, లాగనూ లేదు. అట్లా ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి, ఆమెకూ ఒక మొగుడు యాడో నిలబడి ఉంటాడు కదా అనుకున్నాడు, అనుకోగానే చెయ్యి దానంతట అదే జారిపోయింది. అయితే మిగిలినవి ఇరవై నిమిషాలే. దాచి ప్రయోజనం లేదు. పైన కత్తి పట్టుకున్న మనిషి గంట వెలుతురు ఉందనుకుంటున్నాడు. ఇరవై నిమిషాలే అని తెలిస్తే ఆయన చేతులు ఇంకో రకంగా నడుస్తాయి. చెప్పాలి. చెబితే ఈ ఉద్యోగం ఉండదు, ఉద్యోగంతో ఇచ్చిన రెండు గదుల ఇల్లు ఉండదు, కోడుమూరులో రాళ్లచేను తప్ప ఏమీ ఉండదు, పదిమందిలో పూజ చేసి స్విచ్చి మరిచినోడు అనే పేరు ఒకటి మిగులుతుంది. ఉరుకుందును మీటరు దగ్గర నిలబెట్టి మెట్లెక్కాడు. పద్దెనిమిది మెట్లు. ఇంత ఎత్తు ఎప్పుడు కట్టారో అనిపించింది.

ఆపరేషను గది తలుపు ఓరగా తెరిచి నర్సమ్మ అడ్డం నిలబడింది. అతను కొంచెం గట్టిగానే మాట్లాడాడు, లేకపోతే ఆ మాటలు గొంతులోనే ఉండిపోతాయని భయం.

"సార్, దీపం ఇంగ ఇరవై నిమిషాలే వస్తాది. నిన్న పూజకు చార్జింగు ఆపి మళ్లా ఎత్తలేదు. తప్పు నాదే సార్."

లోపల చప్పుడు ఆగింది. తెల్లని గుడ్డల మధ్య డాక్టరు వీపు మాత్రమే కనబడుతోంది. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన నోరు తెరిచేలోగా, గుడ్డ తెర అవతలి నుంచి, నీళ్లలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది. హులిగెమ్మకు మత్తు ఇవ్వలేదు. నడుములో సూది వేసి, కింది భాగం మాత్రమే మొద్దుబార్చారు, ఆమె మొదటి నుంచీ మెలకువగానే ఉంది, అంతా విన్నది.

"సార్, ఆపమన్నది నేను. పూలు చుట్టింది నేను. ఆయప్పను ఏమీ అనగాకండి."

"మాట్లాడకూడదమ్మా" అన్నాడు డాక్టరు. తల తిప్పకుండానే కంబన్నతో అన్నాడు. "ఇరవై అంటే ఇరవయ్యేనా?"

"ఇరవై ఖాయం సార్. పైన ఒక్క నిమిషం చెప్పలేను."

"సరే. నిప్పు తగిలితే భగ్గుమనే ఈథరు ఉన్న గదిలోకి పెట్రోమాక్సు తేవడానికి లేదు. టార్చిలైట్లు ఎన్ని దొరికితే అన్ని తెప్పించు. చెప్పినందుకు మంచిపని చేశావు, ఇప్పుడు పో."

పో అంటే పోలేకపోయాడు. తెర కింది నుంచి ఆమె ఒక చెయ్యి కనబడుతోంది, బల్లకు గుడ్డతో కట్టేసి ఉంది, వేళ్లకు నిన్నటి పసుపు. ఆ వేళ్లు కదిలాయి, పో పో అన్నట్టు, ఇంట్లో అతను వంటింటికి అడ్డం వస్తే ఎట్లా కదుపుతుందో అట్లాగే. కంబన్న మెట్లు దిగాడు.

ఉరుకుందు వానలోకి పరుగెత్తాడు. కర్నూలు రాజధాని అయి రెండేళ్లయింది, ఇళ్లు చాలక గుమాస్తాలు ఇంకా మైదానంలో గుడారాలు వేసుకుని కాపురాలు చేస్తున్నారు, పాముల భయానికి గుడారానికో టార్చిలైటు. పండగ పూట పులిహోర తింటున్న గుమాస్తాలను లేపి ఏం చెప్పాడో ఏమో, పావుగంటలో ఏడు టార్చిలైట్లు పంచెలో మూటకట్టుకుని వచ్చాడు, వాటిలో ఒకటి పట్టుకోవడానికి ఒక గుమాస్తా కూడా వెంట వచ్చాడు. అన్నీ పైకి పోయాయి. కంబన్న ఒక్కడే గదిలో మిగిలాడు. నలభై ఆరు. నలభై అయిదున్నర. జాడీలు పసుపు ముఖాలతో అతన్నే చూస్తున్నాయి, పేరంటం అయిపోయినా లేవలేక కూర్చున్న ఆడవాళ్ల మాదిరి ఉన్నాయి, ఉండండమ్మా, ఇంకొంచెంసేపు కూర్చోండమ్మా అని వాటిని బతిమాలాడు, నిజంగానే నోటితో బతిమాలాడు. కాన్పుల గదిలో మూలుగు ఆగి, ఒక పసిగొంతు కీచుమంది. ఆ దీపం ఫ్యూజు ఇప్పుడు పీకచ్చు కదా అనుకుని, ఇప్పుడే కదా వాళ్లకు వెలుతురు కావాలి అనుకుని, మళ్లీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నలభై నాలుగు. మీటరు చూసుకోవడానికి ఉంచుకున్న చిన్న దీపం నారింజ రంగుకు తిరిగి, వత్తిలా సన్నబడి, ఆరిపోయింది. అతను చెప్పిన ఇరవై దాటి ఇంకో మూడు నిమిషాలు వచ్చింది, గోడ గడియారం కొట్టుకోవడం విని లెక్కపెట్టాడు.

తర్వాత చీకటి. పైన అడుగులు లేవు, మాటలు లేవు. చీకట్లో కడుపు మీద ఏడు టార్చిలైట్లు వంగి ఉంటాయి, వాటిని పట్టుకున్న చేతులు వణకకుండా ఉంటే చాలు. హులిగెమ్మ కళ్లు తెరుచుకుని ఆ వెలుతుర్లను చూస్తూ ఉంటుంది, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఉంటుంది, ఆమెకు ఏది కనబడినా లెక్కపెట్టే అలవాటు. అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తడి నేల చల్లగా ఉంది. వాన సన్నబడింది. కాలం ఎటు పోయిందో తెలియలేదు, కోడుమూరు పోయిందో, చెలమల దగ్గరికి పోయిందో, మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడేసరికి అది ఎక్కడి నుంచో నడిచివచ్చినట్టే ఉంది. ఆ అడుగులు నెమ్మదిగా దిగుతున్నాయి. నెమ్మదిగా దిగితే మంచికో చెడుకో అతనికి తెలియలేదు.

నర్సమ్మ చేతిలో ఆరిపోవస్తున్న టార్చిలైటు. గడప దగ్గర ఆగింది.

"కంబన్నా, యాడుండావు?"

"ఈడనే ఉండా."

"కుట్లు పడినాయి. బాగుండాది. అపెండిక్సు పేగు పగలకముందే తీసేసినాడంట సారు, ఇంగో గంట ఆలస్యమైతే దక్కేది కాదంట. ముందు అసలు పని చూసుకుని, కుట్లు టార్చిలైట్ల కింద ఏసినాడు." ఆమె ఊపిరి పీల్చుకుని నవ్వింది. "ఏం పెండ్లామప్పా నీది! కుట్టు కుట్టుకూ ఒకటే అడుగుతాంది సారును, మా ఆయప్ప పని ఉంటాదా పోతాదా, మా ఆయప్ప పని ఉంటాదా పోతాదా అని. మాట్లాడగాకమ్మా అంటే ఇనదు. కడాకు సారే, ఉంటుందమ్మా, నువ్వు కదలకు, ఉంటుంది అన్నాడు. అప్పుడు కండ్లు మూసుకుంది."

కంబన్న కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, చేతులకు జాడీల ఆసిడ్ అంటి ఉంది, కళ్లు తుడుచుకోవడానికి లేదు. రెండు చేతులూ ముందుకు చాపి, చీకట్లో, పసిపిల్లాడిలా అట్లాగే ఏడుస్తూ కూర్చున్నాడు. నర్సమ్మ టార్చిలైటు నేల మీద పెట్టి, మూలనున్న బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి, అతని చేతుల మీద పోసింది.